ఎఫ్‌ఈవీ1 తక్కువొచ్చిందని ఆట మాన్పించాలా?

ఇరవై ఏడో వారంలోనే పుట్టి, రెండు నెలలకు పైగా ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉండి, గండం గడిచి ఇంటికొచ్చిన పాప అనుకుందాం. ఇప్పుడు ఎనిమిదేళ్లు. బడికి వెళ్తోంది, అల్లరి చేస్తోంది. జలుబు చేస్తే మాత్రం అందరికంటే నాలుగు రోజులు ఎక్కువ దగ్గుతుంది. చెకప్‌లో స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల్లోంచి గాలి ఎంత బలంగా బయటికొస్తుందో కొలిచే పరీక్ష, చేస్తే ఎఫ్‌ఈవీ1 అనే కొలత ఎదురుగా 80 శాతం అని వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే మాట: "పరిగెత్తకమ్మా, ఆయాసమొస్తుంది."

ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. 2020లో ఒక్క ఏడాదిలోనే సుమారు కోటీ 34 లక్షల మంది పిల్లలు 37 వారాలు నిండకముందే పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే పుట్టిన ప్రతి పదిమందిలో ఒకరు. వాళ్లలో 28 వారాల కంటే ముందు పుట్టినవాళ్లు కొద్దిమందే అయినా, వాళ్లు బతికి బట్టకట్టి పరుగులు తీసే వయసుకు రావడం గత నాలుగు దశాబ్దాల్లోనే మామూలు విషయమైంది. అందుకే వాళ్ల పరుగు గురించి మనకున్న నమ్మకాల్లో చాలావరకు ఊహలే.

"పరిగెత్తకమ్మా" అనే మాట వెనక ఒక తర్కం ఉంది. ఊపిరితిత్తులు బలహీనం, కాబట్టి దమ్ము ఉండదు, కాబట్టి పరుగు మంచిది కాదు. ఇందులో మొదటి మాట చాలావరకు నిజం. రెండోది సగమే నిజం. మూడోది ఎక్కువమంది పిల్లల విషయంలో తప్పు. ఈ మూడింటినీ కలిపేసి ఒకే మాటగా నమ్మడంతోనే చిక్కంతా వస్తోంది.

కడుపులో పూర్తి కాని పని

పుట్టడానికి సిద్ధం కావడంలో ఊపిరితిత్తులది చివరి వరస. శ్వాసనాళాల కొమ్మలు 16, 17 వారాలకల్లా దాదాపుగా ఏర్పడిపోతాయి. కానీ గాలిలోంచి రక్తంలోకి ఆక్సిజన్ దాటాల్సిన చోటు అప్పటికింకా తయారు కాదు. 26 వారాల దాకా సన్నటి రక్తనాళాలు ఆ కొమ్మల చివర్ల దగ్గరికి చేరుతూ ఉంటాయి. తర్వాత ఆ చివర్లు పలచటి గోడలున్న సంచుల్లా సాగుతాయి. ఆ సంచుల్లో మళ్లీ సన్నటి అడ్డుగోడలు లేచి అసలైన గాలి గదులు ఏర్పడటం 36 వారాల ప్రాంతంలో మొదలై, పుట్టాక కూడా ఏళ్ల తరబడి సాగుతుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో సగటున 48 కోట్ల గాలి గదులుంటాయని 2004లో ఒక పరిశోధన లెక్కగట్టింది. నిండు నెలల బిడ్డకైనా పుట్టేనాటికి అందులో ఉండేది చిన్న వాటాయే.

25 వారాలకే బయటికొచ్చిన బిడ్డకు గదులు లేవు, సంచులే ఉన్నాయి. ఆ సంచులు మూసుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం సరిపడా లేదు. అది లేకపోతే, తడిసిన ప్లాస్టిక్ సంచి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు, వదిలిన ప్రతి ఊపిరికీ లోపలి గోడలు అతుక్కుపోతాయి. మళ్లీ తెరవాలంటే బిడ్డ డొక్కలెగరేసి లాగాలి. ఇదే నెలలు నిండని పిల్లల శ్వాస ఇబ్బందికి మూలమని మేరీ ఎలెన్ ఏవరీ, జీర్ మీడ్ 1959లో చూపించారు. అప్పటికి చేయగలిగిందేమీ లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ అయిదున్నర వారాలు ముందుగా పుట్టి, ఈ జబ్బుతోనే రెండు రోజులకు చనిపోయాడు. ఇవాళ ఆ వయసులో పుట్టిన బిడ్డకు ఏమవుతుందోనని ఎన్‌ఐసీయూలో ఎవరూ అంతగా కంగారు పడరు.

ఆ మార్పు వెనక రెండు మజిలీలు ముఖ్యం. కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికొస్తాయని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లో ప్రకటించారు. సర్ఫాక్టెంట్‌ను నేరుగా బిడ్డ శ్వాసనాళంలోకి పోసి ప్రాణం నిలబెట్టవచ్చని జపాన్‌లో ఫుజివారా 1980లో నిరూపించాడు.

కానీ ప్రాణం నిలబెట్టిన యంత్రమే ఊపిరితిత్తికి గాయమూ చేస్తుంది. వెంటిలేటర్ ఒత్తిడి, ఎక్కువ మోతాదు ఆక్సిజన్, ఇన్‌ఫెక్షన్లు, వీటన్నిటి మధ్య ఇంకా కట్టుబడిలో ఉన్న అవయవం పెరగాలి. 1967లో విలియం నార్త్‌వే బృందం ఇలా దెబ్బతిన్న ఊపిరితిత్తుల్ని ఎక్స్‌రేల్లో గుర్తించి బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అని పేరు పెట్టింది. డాక్టర్లు బీపీడీ అంటారు. అప్పటి బీపీడీలో మచ్చలు, గట్టిపడిన కణజాలం ఎక్కువ. ఇప్పటిది వేరు. మచ్చలు తక్కువే గానీ, గదులు తక్కువగా, పెద్దవిగా, సాదాగా ఉండిపోతాయి. గర్భం మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే బిడ్డ 36 వారాల వయసుకు చేరేనాటికి ఇంకా ఆక్సిజన్‌గానీ శ్వాసకు యంత్రం సాయంగానీ కావాల్సి వస్తే, సాధారణంగా బీపీడీ ఉందని లెక్క.

చికిత్స మెరుగైంది కదా, ఊపిరితిత్తులూ మెరుగయ్యాయా? ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 28 వారాల లోపు పుట్టిన మూడు తరాల పిల్లల్ని, 1991–92, 1997, 2005 సంవత్సరాల వాళ్లని, ఎనిమిదేళ్ల వయసులో పోల్చి చూశారు. గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడం తగ్గింది, ముక్కు ద్వారా సున్నితంగా గాలి ఇచ్చే సీపాప్ బాగా పెరిగింది. అయినా 2005 పిల్లల ఊపిరితిత్తులు ముందటి తరాల కంటే మెరుగ్గా లేవని 2017లో ఫలితాలొచ్చాయి. ఈ ఫలితం చాలామంది నిపుణులకు మింగుడుపడలేదు. ముందుగా పుట్టడమే ఒక గాయమని, దాన్ని యంత్రం ఎంత సున్నితమైనా పూర్తిగా మాన్పలేదని నాకు దీంట్లో కనిపిస్తోంది.

ఆ 80 శాతం దేని కొలత?

స్పైరోమెట్రీలో పిల్లల ముక్కుకు క్లిప్ పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా ఊదమంటారు. "ఊదు ఊదు ఊదు" అని టెక్నీషియన్ పక్కన నిలబడి అరుస్తుంటాడు. అయిదారేళ్ల లోపు పిల్లలకు ఇది సరిగా కుదరదు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో అదే ఎఫ్‌ఈవీ1. అదే వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతులతో పోల్చి శాతంగా చెబుతారు.

ఈ అంకె ప్రధానంగా శ్వాసనాళాల వెడల్పును చెబుతుంది. గాలి గదుల సంఖ్యను నేరుగా చెప్పదు. ఈ తేడా ముఖ్యం. హీలియం-3 వాయువు పీల్చి ఎంఆర్ఐ తీసే పద్ధతిలో బ్రిటన్‌లో చూసినప్పుడు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో కూడా పది, పద్నాలుగేళ్ల వయసుకు గాలి గదుల పరిమాణం నిండు నెలల వాళ్లలాగే కనిపించింది. అంటే గదుల పెరుగుదల ఆలస్యంగానైనా అందుకునే వీలుంది. గొట్టాల వెడల్పు మాత్రం అంత తేలిగ్గా అందుకోదు. అందుకే బయటికి చురుగ్గా కనిపించే పిల్లలకు కూడా ఎఫ్‌ఈవీ1 తక్కువొస్తుంది.

ఎంత తక్కువ? 2013లో పాత పరిశోధనలన్నీ కలిపి చేసిన విశ్లేషణ ఒకటుంది. బీపీడీ లేకుండా నెలలు నిండక పుట్టినవాళ్లకు సగటున 7 శాతం తక్కువ. 36 వారాలప్పటికి బీపీడీ ఉన్నవాళ్లకు దాదాపు 19 శాతం తక్కువ. ఇక 33, 34 వారాలకు పుట్టినవాళ్లని "కాస్త ముందుగా పుట్టారంతే" అని వదిలేస్తుంటారు. బ్రిటన్‌లో ఒక పెద్ద జనన బృందాన్ని గమనిస్తే, ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల అంకెలు ఇంకా ముందు పుట్టినవాళ్ల స్థాయిలోనే తగ్గి ఉన్నాయి. టీనేజికి వచ్చేసరికి కొన్ని అంకెలు కోలుకున్నాయి. కాబట్టి మొదటి మాట, ఊపిరితిత్తుల్లో లోటు ఉందన్నది, ఒప్పుకోవాల్సిందే.

లోటు ఉంటే దమ్ము ఉండదా?

దమ్ముని కొలవడానికి వేరే పరీక్ష ఉంది. పిల్లల్ని సైకిల్ మీదో ట్రెడ్‌మిల్ మీదో ఎక్కించి, మొహానికి మాస్క్ తగిలించి, నిమిషనిమిషానికీ బరువు పెంచుకుంటూ "ఇక నా వల్ల కాదు" అనేదాకా తొక్కిస్తారు. అక్కడ శరీరం నిమిషానికి వాడుకున్న గరిష్ఠ ఆక్సిజన్‌ను కిలో బరువుకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కిస్తారు. ఆరోగ్యంగా ఉన్న బడి పిల్లలకు ఇది 40 నుంచి 50 మధ్య ఉండటం మామూలు. నెలలు నిండక పుట్టినవాళ్లకు సగటున 2 మిల్లీలీటర్లు, బీపీడీ ఉన్నవాళ్లకు 3 మిల్లీలీటర్లు తక్కువని 2015లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ చెప్పింది.

ఈ రెండు లోట్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. బీపీడీ పిల్లల ఎఫ్‌ఈవీ1 అయిదో వంతు తగ్గింది. దమ్ము తగ్గింది మాత్రం దాదాపు ఆరేడు శాతం. ఎందుకంత తేడా?

ఒక పదేళ్ల బాబుతో లెక్క వేద్దాం. ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 33 కిలోలు, నెలలు నిండి పుట్టాడు. వాడి ఎఫ్‌ఈవీ1 సుమారు 2 లీటర్లు. దాన్ని 35తో హెచ్చిస్తే, నిమిషానికి గరిష్ఠంగా ఎంత గాలి ఆడించగలడో స్థూలంగా తెలుస్తుంది. వ్యాయామ పరీక్షల్లో వాడే లెక్కే ఇది. 70 లీటర్లు. ప్రాణం పెట్టి పరిగెత్తినా వాడికి కావాల్సింది 50 లీటర్లకు అటూ ఇటూ. ఇంకా 20 లీటర్లు మిగులు. ఇప్పుడు అదే ఒడ్డూపొడుగూ ఉన్న, నెలలు నిండక పుట్టిన పిల్లాడికి ఎఫ్‌ఈవీ1 15 శాతం తక్కువ, అంటే 1.7 లీటర్లు అనుకోండి. గరిష్ఠం 60కి దిగింది. కావాల్సింది మాత్రం ఆ 50యే. మిగులు సగానికి తగ్గింది గానీ, మిగులు ఉంది. ఎఫ్‌ఈవీ1 1.4 లీటర్లకు పడితే మాత్రం గరిష్ఠం 49. అప్పుడు నిజంగానే కాళ్లు అలసిపోకముందే ఊపిరి అడ్డుపడుతుంది.

మామూలు మనుషుల్లో పరుగును ఆపేది ఊపిరితిత్తి కాదు. గుండె ఎంత రక్తం తోయగలదు, కండరాలు అందులోని ఆక్సిజన్‌ను ఎంత లాక్కోగలవు అన్నవే హద్దు గీస్తాయి. ఊపిరితిత్తులకు ప్రకృతి కాస్త ఉదారంగా మిగులిచ్చింది. ముందుగా పుట్టడం ఆ మిగుల్లో కొంత తినేస్తుంది. మిగులు పూర్తిగా కరిగిపోయిన కొద్దిమందిలో తప్ప, దమ్ముకు అడ్డం పడేది ఎఫ్‌ఈవీ1 ఒక్కటే కాదు.

అలాగని ఆ పిల్లలకు శ్రమ తెలియదని కాదు. 1995లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో 25 వారాలు, అంతకంటే ముందు పుట్టినవాళ్లని ఎపిక్యూర్ అనే అధ్యయనం ఇప్పటికీ వెంబడిస్తోంది. ఆ పిల్లల్లో కొందరికి పదకొండేళ్లప్పుడు వాళ్ల తరగతిలోని తోటి పిల్లలతో పాటు సైకిల్ పరీక్ష పెట్టారు. ముందుగా పుట్టినవాళ్ల గరిష్ఠ ఆక్సిజన్ తక్కువే ఉంది. అంతకంటే నన్ను ఆకట్టుకున్నది వాళ్లు ఊపిరి తీసిన తీరు. ఒక్కో ఊపిరి చిన్నది, వేగం ఎక్కువ. లోతుగా పీల్చాల్సిన చోట పైపైన గసపెడుతూ నెట్టుకొచ్చారు. అంటే అదే పనికి వాళ్ల ఛాతీ కండరాలు ఎక్కువ కష్టపడుతున్నాయి. కానీ రోజువారీ కదలికల్ని యాక్సిలరోమీటర్‌తో కొలిస్తే, తోటి పిల్లలకీ వాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరూ ఆపకపోతే వాళ్లూ అందరిలాగే ఆడుతున్నారు!

నార్వే పశ్చిమ ప్రాంతం నుంచి వచ్చిన పరిశోధన ఇంకో మెట్టు పైకెళ్లింది. 28 వారాల లోపు పుట్టి యవ్వనానికొచ్చిన వాళ్ల దమ్ము పదో వంతు తక్కువగా తేలింది. అయితే ఆ దమ్ముకు చిన్నప్పటి బీపీడీతోగానీ ఇప్పటి శ్వాసనాళాల ఇరుకుతోగానీ సంబంధం కనపడలేదు. తీరిక వేళల్లో ఎంత వ్యాయామం చేస్తారన్న దానితో కనపడింది. అదీ నెలలు నిండి పుట్టినవాళ్లలో కనిపించిన తీరులోనే. ఇలాంటి సర్వేల్లో ఒక మెలిక ఎప్పుడూ ఉంటుంది: వ్యాయామం చేసినందుకు దమ్ము పెరిగిందా, దమ్మున్నవాళ్లే వ్యాయామం చేస్తున్నారా? ఈ ఒక్క పరిశోధనతో అది తేలదు. కానీ ఎఫ్‌ఈవీ1 చూసి దమ్ముని అంచనా వేయడం కుదరదని మాత్రం గట్టిగానే తేలింది.

మిగతా లోటు ఎక్కడిది? కొంత కండది. ఈ పిల్లల్లో చాలామంది సన్నగా ఉంటారు, కాళ్లలో కండ తక్కువ. కొంత గుండెది. నెలలు నిండక పుట్టిన యువతీయువకుల గుండె గదులు కాస్త చిన్నవిగా, గోడలు దళసరిగా ఉంటాయని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2013లో చూపించారు. కొంత ఒడుపుది. చాలా ముందుగా పుట్టినవాళ్లలో బంతి పట్టడం, ఒంటికాలి మీద నిలబడటం, మలుపు తిరగడం లాంటి వాటిలో తడబాటు మిగతా పిల్లల కంటే ఎక్కువ. తడబడే పిల్లలకు అదే పరుగుకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఆటలో అందరికంటే చివరగా ఎంపికయ్యేదీ వాళ్లే, ముందుగా పక్కకు తప్పుకునేదీ వాళ్లే. చివరిది భయం. అది ముందు పెద్దవాళ్లది, తర్వాత పిల్లలది. ఎన్‌ఐసీయూ అద్దం బయట నిలబడి మానిటర్ మీద ఆక్సిజన్ అంకె పడిపోవడం చూసిన తల్లికి, ఎనిమిదేళ్ల తర్వాత పిల్ల రొప్పుతుంటే మనసు ఊరుకోదు. ఆ భయాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ కూర్చోబెట్టిన పిల్లల కండ, గుండె ఇంకా వెనకబడతాయి. అప్పుడు కాస్త పరుగుకే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసాన్ని చూసి "చెప్పానా!" అంటాం.

ప్రతి ఆయాసమూ ఆస్తమా కాదు

ఈ పిల్లలు రొప్పితే, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే, ఆస్తమా అని రాసి ఇన్‌హేలర్ ఇవ్వడం మామూలు. కొందరికి అది నిజంగానే ఉంటుంది. చాలామందికి అచ్చంగా అది కాదు. ఆస్తమాలో శ్వాసనాళాల్లో అలర్జీ తరహా వాపు ఉంటుంది. ఊదిన గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ పెరగడం దానికి ఒక గుర్తు. బీపీడీ పిల్లల్లో ఆ పెరుగుదల సాధారణంగా ఉండదు. ఇక్కడ గొట్టమే ఇరుకు, దాని గోడల నిర్మాణమే వేరు. కాబట్టి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఒక్కటే ఆస్తమాలో చేసినంత పని ఇక్కడ చేస్తుందని ఆశించలేం.

వేల్స్‌లోని కార్డిఫ్‌లో దీన్ని పరీక్షించి చూశారు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య ఉండి, ఎఫ్‌ఈవీ1 తగ్గిన 53 మందికి పన్నెండు వారాల పాటు కొందరికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్, కొందరికి దానితో పాటు శ్వాసనాళాల్ని ఎక్కువసేపు వదులుగా ఉంచే మందు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండు మందులూ కలిపి తీసుకున్నవాళ్ల ఎఫ్‌ఈవీ1 ఉత్తుత్తి మందు వాళ్ల కంటే 14 శాతం పాయింట్లు ఎక్కువగా తేలింది. స్టెరాయిడ్ ఒక్కటే తీసుకున్నవాళ్లకు దాదాపు 8, అదీ కచ్చితంగా మందు వల్లేనని చెప్పలేనంత. మంచి ఫలితమే. అయితే అదే పరిశోధనలో పిల్లల వ్యాయామ సామర్థ్యం మాత్రం పెరగలేదు. గొట్టం తెరుచుకుంది, దమ్ము అక్కడే ఉంది. పైన పదేళ్ల బాబుతో వేసిన లెక్కకు ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. దమ్ము పెంచాలంటే పరిగెత్తాల్సిందే, ఇన్‌హేలర్ మన బదులు పరిగెత్తదు.

ఆయాసం ఎప్పుడొస్తోంది, ఎలా వినిపిస్తోంది అని గమనిస్తే డాక్టర్‌కు చాలా పని తగ్గుతుంది. మామూలు రొప్పు పరిగెత్తుతున్నప్పుడే ఎక్కువ, ఆగాక రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది. పిల్లలు మాట్లాడగలుగుతారు, మొహం ఎర్రబడుతుంది. భయపడాల్సింది లేదు. శ్వాసనాళాలు బిగుసుకోవడం వల్ల వచ్చేదైతే తరచూ ఆట ఆగిపోయాక, అయిదు పది నిమిషాలకు ముదురుతుంది. దగ్గు, ఊపిరి వదిలేటప్పుడు కూత, ఛాతీ పట్టేసినట్టు ఉండటం. బీపీడీ ఉన్నవాళ్లలో ఇది మిగతా పిల్లల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆటకు పది పదిహేను నిమిషాల ముందు శ్వాసనాళాల్ని వదులు చేసే సాల్బ్యుటమాల్ పఫ్ తీసుకోమని డాక్టర్ రాస్తే బాగా పనిచేస్తుంది కూడా.

మూడోది చాలామంది వినని సంగతి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గొంతు దగ్గర కీచుమనే శబ్దం, అది పరుగు తారస్థాయిలో ఉన్నప్పుడే రావడం, ఆగగానే తగ్గడం, పైగా చిన్నప్పటి నుంచీ గొంతు బొంగురుగా ఉండటం. ఇలాంటప్పుడు చూడాల్సింది ఊపిరితిత్తిని కాదు, స్వరపేటికని. నెలలు నిండక పుట్టిన కొందరికి గుండె దగ్గర మూసుకుపోవాల్సిన ఒక రక్తనాళం, డక్టస్ ఆర్టీరియోసస్, తెరిచే ఉండిపోతుంది. మందులతో మూసుకోకపోతే కొందరికి ఆపరేషన్ చేస్తారు. ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం సరిగ్గా ఆ రక్తనాళాన్ని చుట్టుకుని వెళ్తుంది. ఆపరేషన్‌లో దానికి దెబ్బ తగిలితే ఆ తంత్రి కదలదు. చిన్నప్పుడు ఏడుపు సన్నగా ఉందనుకుంటారు తప్ప ఎవరికీ అనుమానం రాదు. నార్వేలో ఇలా ఆపరేషన్ అయిన యువతీయువకుల గొంతులోకి కెమెరా పెట్టి చూస్తే సగానికి పైగా మందికి ఎడమ స్వరతంత్రి పక్షవాతం బయటపడింది. వాళ్ల ఆయాసాన్ని అన్నేళ్లూ ఊపిరితిత్తుల ఖాతాలో రాశారు. కాబట్టి అప్పటి డిశ్చార్జి కాగితాల్లో డక్టస్ ఆపరేషన్ మాట ఉంటే, ఆయాసం గురించి వెళ్లినప్పుడు ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి.

పరిగెత్తించడం ఎలా

శిక్షణతో ఏం మారుతుంది, ఏం మారదు అన్నది ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. వ్యాయామం శ్వాసనాళాల్ని వెడల్పు చేయదు. ఆరు నెలలు పరిగెత్తించి మళ్లీ స్పైరోమెట్రీ చేయించి, అంకె కదల్లేదని వాపోవడంలో అర్థం లేదు. మారేది కాలి కండ, గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం, శ్వాస కండరాల ఓపిక, అన్నిటికీ మించి పిల్లల ధైర్యం. నెలలు నిండక పుట్టి బీపీడీ వచ్చిన, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఉన్న పిల్లలకు కొద్ది వారాల వ్యాయామం నేర్పితే, ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం పెరిగిందని ఒక చిన్న పరిశోధన చూపింది. ఇలాంటివి సంఖ్యలో తక్కువ, అందులో పాల్గొన్న పిల్లలూ తక్కువే. అయినా అవి చూపే దిక్కు, నార్వే పరిశోధన చూపిన దిక్కు ఒకటే.

ఎంత చేయించాలన్న దానికి వీళ్లకు వేరే కొలత అక్కర్లేదు. అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని, వారంలో మూడు రోజులైనా కండ, ఎముక గట్టిపడే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నెలలు నిండక పుట్టినవాళ్లకూ గురి అదే. మొదలుపెట్టే చోటు మాత్రం కిందికి ఉండొచ్చు. ఒకేసారి పది నిమిషాలు ఆపకుండా పరిగెత్తమంటే మానేస్తారు. అర నిమిషం జోరు, ఒక నిమిషం నడక, మళ్లీ జోరు, ఇలాగైతే ఆటలోనే పడిపోతుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకునేది కూడా ఇలా విడతల్లోనే. మొదటి అయిదు పది నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించడం శ్వాసనాళాలు బిగుసుకునే పిల్లలకు మరీ ముఖ్యం. చల్లటి పొడిగాలి వాళ్లకు పడదు. ఈత కొలను దగ్గర గాలి తేమగా ఉంటుంది కాబట్టి వాళ్లలో చాలామందికి పరుగు కంటే ఈతే సుఖంగా ఉంటుంది. తడబాటు ఉన్నవాళ్లని బంతాట జట్టులోకి నేరుగా తోయకుండా, ముందు సైకిల్, తాడాట, మెట్లెక్కడం లాంటివి చేయిస్తే, నలుగురి ముందు నవ్వులపాలవుతామన్న బెదురు ఉండదు. జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం విశ్రాంతే.

ముందు డాక్టర్‌ని అడగాల్సిన పిల్లలు కొందరున్నారు. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, ఈమధ్యే దాన్ని మానినవాళ్లు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ఎక్కువని ఎకోలో తేలినవాళ్లు, ఎఫ్‌ఈవీ1 బాగా పడిపోయినవాళ్లు. వీళ్లకు వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, నడిపించి, పరిగెత్తించి చూశాకే ఎంతవరకు ఫరవాలేదో చెప్పాలి. ఇక ఏ పిల్లలకైనా సరే ఆటలో పెదాలు నీలంగా మారినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, రెండు మాటలు మాట్లాడటానికి కూడా ఊపిరి అందకపోయినా అక్కడికక్కడే ఆపి చూపించాలి. ఇవి దమ్ము తక్కువ కావడం వల్ల వచ్చేవి కావు.

మిగిలిన పిల్లలకు, అంటే చాలామందికి, ఏడాదికో రెండేళ్లకో స్పైరోమెట్రీ చేయించి ఆ కాగితాలన్నీ వరసగా దాచడం మంచిది. ఒక్క అంకె కంటే అంకెల వరస ఎక్కువ చెబుతుంది. ఎవరికైనా ఊపిరితిత్తులు ఇరవై దాటిన కొత్తలో శిఖరానికి చేరి, ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెంగా దిగుతాయి. ముందుగా పుట్టినవాళ్లు ఆ శిఖరానికే కాస్త తక్కువ ఎత్తులో చేరతారు కాబట్టి, ఆ దిగుడు వాళ్లకు ముందుగా తెలుస్తుంది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలిస్తే వీళ్లకు మిగతా పిల్లల కంటే ఎక్కువ నష్టం. టీనేజిలో వీళ్లే సిగరెట్, వేప్ పట్టుకుంటే ఇంకా ఎక్కువ. ఫ్లూ టీకా ఏటా వేయించాలి. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఎఫ్‌ఈవీ1 ఎంతొచ్చింది" అన్న ప్రశ్న తర్వాత ఇంకో రెండు అడగండి: పరుగెత్తించి ఎప్పుడైనా చూశారా? ఇప్పుడు వాడుతున్న ఇన్‌హేలర్ నిజంగా ఉపయోగపడుతోందని ఏ పరీక్షలో తేలింది?